బుడ్డికి దొరికిన మనిషి

కాలింగ్ బెల్ మోగింది. పిన్ని తలుపు తీసింది. గుమ్మంలో పెదనాన్న! పోయిన వారం కథలో ఆవిణ్ణి అక్కడే వదిలేసి మనం మన పనుల్లో పడిపోయాం గానీ, పాపం పిన్ని ఇంకా అలాగే నిలబడి ఉంది, ఒక చేతిలో దువ్వెన, ఇంకో చేతిలో జత లేని సాక్సు. బుధవారం వస్తానన్న మనిషి సోమవారం పొద్దున్నే, పాల ప్యాకెట్లకంటే ముందు ఊడిపడితే ఎవరికి మాత్రం గుండె గుభేలుమనదు?

పైగా పిన్ని గుండెకి అంతకంటే పెద్ద కారణమే ఉంది. పిన్నికి తోడబుట్టిన అక్క మెట్ల మీంచి జారిపడింది. వెన్నుకి ఆపరేషన్ అయి, కాళ్ళు కదపలేక, ఊరికి ఆ చివరున్న ఆస్పత్రిలో పడుకుని ఉంది. బావది ఓడ మీద ఉద్యోగం, ఆయన ఇప్పట్లో నేల మీద కాలు పెట్టేలా లేడు. అందుకని అక్క పిల్లలిద్దరూ పిన్ని దగ్గరికి వచ్చారు. పిన్నికి సొంతంగా ఇద్దరున్నారు. నలుగురు పిల్లలు, ఒక్క బాత్రూము, ఒక్క పిన్ని. బాబాయి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరేసరికే పిల్లలు బడిలో ఉండాలి, కాబట్టి ఆయన్ని లెక్కలోకి తీసుకోవడానికి లేదు.

పోయిన నెలలో బడి గేటు వీళ్ళ మొహం మీదే మూసుకున్న రోజులు ఒకటీ రెండూ కావు. ఆ సంగతి ఎలాగో పెదనాన్న చెవిన పడింది. బావకి స్వయానా అన్నయ్య. కోర్టులో కేసుల పేర్లు పిలిచే గుమాస్తాగా జీవితమంతా పనిచేసి రిటైరయినవాడు. పిలిచినప్పుడు పలకనివాడు ఓడిపోయినట్టే అన్నది ఉద్యోగం ఆయనకి నేర్పిన నీతి. తమ్ముడి పిల్లలిద్దరికీ తన ఊళ్ళో హాస్టల్లో సీట్లు మాట్లాడేసి మరీ పిన్నికి ఫోన్ చేశాడు.

"ఒక్క పొద్దున్న నా కళ్ళతో నేను చూస్తానమ్మా. గేటు మూసేలోగా నలుగురూ లోపలుంటే ఈ హాస్టల్ మాట మళ్ళీ ఎత్తను. ఒక్కరు బయట మిగిలినా సాయంత్రం బండికి నా తమ్ముడి పిల్లలు నాతో వస్తారు. సరేనా?"

సరేనంది పిన్ని. అక్క లేచి నడిచి ఇంటికి వచ్చేరోజున ఇద్దరు పిల్లలూ గుమ్మంలో ఎదురు రావాలి, అంతే. అక్కకి పిన్ని ఆ మాట ఇచ్చింది. ఆ మాట నిలుస్తుందో పోతుందో ఇప్పుడీ గుమ్మం దగ్గర తేలబోతోంది.

"ఇవాళ సోమవారం కదా బావగారూ?" అంది పిన్ని, ఇంకేమీ తోచక.

"సోమవారమే. చెప్పిన రోజున వస్తే నువ్వు చూపించింది చూస్తాను. ఉన్నది చూడాలంటే చెప్పకుండానే రావాలి." ఆయన గొడుగు మూలకి ఆనించి, కుర్చీని హాలు మధ్యకి లాక్కుని జడ్జిగారిలా కూర్చున్నాడు. "నన్ను పట్టించుకోకు. నేను లేననే అనుకో."

ఇల్లంతా తనే అయిపోయి కూర్చున్న మనిషిని లేడనుకోవడం ఎలాగో పిన్నికి అర్థం కాలేదు. కానీ ఆలోచించే తీరిక లేదు. లోపల నుంచి ఏదో దొర్లిన చప్పుడు, ఆ వెనకే "నేను కాదు!" అని మూడు గొంతులు.

పిల్లల గురించి కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. అందరికంటే పెద్దది అక్క కూతురు, పేరు రేడియో. ఎందుకంటే కళ్ళు తెరిచింది మొదలు మూసేదాకా ప్రసారం ఆగదు. తర్వాతవాడు పిన్ని కొడుకు నత్త. ఒక బూటు తొడుక్కుని రెండోది తొడుక్కునేలోపు వాడు గోడ మీది చీమల వరసతో స్నేహం చేసేస్తాడు. మూడోవాడు అక్క కొడుకు లాయరు. ఏ మాటకైనా "అలా అని ఎవరు చెప్పారు?" అని ఎదురు ప్రశ్న వేయందే వాడికి నిద్ర పట్టదు. అందరికంటే చిన్నది పిన్ని కూతురు బుడ్డి. మనిషి జానెడు, పంతం బారెడు.

ఈ నలుగురికీ "నీ బూట్లు నువ్వు చూసుకో, నీ బ్యాగు నువ్వు సర్దుకో" అని చెప్పీ చెప్పీ పిన్నికి నోరు పడిపోయింది. ఎవరి పని వాళ్ళకి తప్ప మిగతా అందరికీ కనబడేది. రేడియో తల దువ్వుకోలేదు గానీ నత్తకి గుండీ ఊడిందని మూడు గదులకీ వినబడేలా ప్రకటించేది. నత్త పళ్ళు తోముకోలేదు గానీ లాయరు చొక్కా తిరగేసి వేసుకున్నాడని పట్టుకునేవాడు. తల ప్రాణం తోకకొచ్చిన ఒకానొక పొద్దున్న పిన్నికి ఒక్కసారిగా తన ఉద్యోగం గుర్తొచ్చింది.

పిన్ని పనిచేసేది బస్సుల డిపోలో. బయల్దేరే ముందు బస్సు బాగుందో లేదో చూసి గేటు దాటించడం ఆవిడ పని. ఆ డిపోలో ఒక పద్ధతుంది. ఏ డ్రైవరూ తన బస్సు తను పరీక్ష చేయకూడదు, పక్క బస్సు డ్రైవరు వచ్చి చేయాలి. రోజూ నడిపే బండి గలగలలు చెవికి అలవాటైపోతాయి, పక్కవాడి బండిలో చిన్న కిర్రుమన్నా చెవులు రిక్కిస్తాం. ఈ ఇంగితం ఇన్నాళ్ళూ డిపో గేటు దగ్గరే వదిలేసి ఇంటికి వస్తున్నందుకు పిన్ని తనని తానే తిట్టుకుంది.

మర్నాటి నుంచే కొత్త చట్టం వచ్చింది. రేడియో మనిషి నత్త. నత్త మనిషి లాయరు. లాయరు మనిషి బుడ్డి. ఎవరూ తమ సంగతి తాము చూసుకోనక్కర్లేదు, తమ మనిషి సంగతి చూస్తే చాలు. రేడియో సంగతి పిన్ని చూస్తుంది. ఇంకో రూలు గేటు దగ్గరిది. అది అనుభవం మీద వచ్చింది. ఓరోజు రేడియో కబుర్లు చెప్పుకుంటూ గేటు లోపలికి వెళ్ళిపోతే, దారిలో కాలువ వంతెన మీద నిలబడి క్రేన్ చూస్తున్న నత్త బయటే మిగిలిపోయాడు. అప్పటి నుంచీ రూలేమిటంటే, మన మనిషి లోపల కాలు పెట్టాకే మనం పెట్టాలి. అంటే ముందు బుడ్డి, తర్వాత లాయరు, ఆ తర్వాత నత్త, చివరికి రేడియో.

పద్ధతి మంత్రంలా పనిచేసింది. వారమంతా ఒక్కరోజు కూడా గేటు మూసుకోలేదు. ఒక్క బుడ్డికి మాత్రం తీరని దుఃఖం మిగిలిపోయింది. దానికి మనిషి లేడు.

"నా మనిషేడీ?" అని రోజూ రాగం తీసేది. బొమ్మనిచ్చారు. బొమ్మకి బడి లేదని విసిరికొట్టింది.

ఇదంతా తెలియని పెదనాన్న కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నాడు. ఆయన ఎదురుచూసింది ఏడుపులు, అరుపులు, తప్పిపోయిన టిఫిన్ డబ్బాలు. ఆయనకి కనబడింది వేరు. రేడియో నత్త వెనకే తిరుగుతూ, "చొక్కా అయింది, బెల్టు అయింది, ఎడమ బూటు అయింది, కుడి బూటు... ఒరేయ్, చీమలు సాయంత్రం కూడా ఉంటాయిరా, ఎక్కడికీ పోవు!" అని వ్యాఖ్యానం చెబుతోంది. నత్త తన బూటు లేసు రేడియో చేతికి వదిలేసి లాయరు కాలరు సరిచేస్తున్నాడు. లాయరు బుడ్డి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "పాలు తాగావనడానికి సాక్ష్యమేది? గ్లాసు చూపించు," అని నిలదీస్తున్నాడు. పిన్ని రేడియో జడ అల్లుతూ, మధ్యలో బ్రెడ్డు ముక్కలు డబ్బాల్లో సర్దుతూ, ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పెంచకుండా ఉండటానికి ఆవిడ పళ్ళు ఎంత గట్టిగా బిగపట్టిందో ఆవిడకే తెలుసు.

"పెదనాన్నా, కోర్టులో ఎన్నిసార్లు పిలుస్తారు?" లాయరు పని మధ్యలోనే అడిగాడు.

"మూడుసార్లురా. మూడోసారికి కూడా పలక్కపోతే కేసు కొట్టేస్తారు."

"దూరంగా ఉండి పలికితే?"

"గొంతు వినబడితే చాలు, హాజరైనట్టే."

లాయరు ఆ విషయాన్ని భద్రంగా బుర్రలో దాచుకున్నాడు. ఈలోగా బుడ్డి వెళ్ళి పెదనాన్న ఎదురుగా నిలబడి ఆయన్ని తల నుంచి కాళ్ళదాకా చూసింది. డిపోలో పిన్ని బస్సుని చూసేది కూడా సరిగ్గా అలాగే.

"నీ చెప్పు పట్టీ ఊడిపోయింది," అంది.

పెదనాన్న వంగి చూసుకున్నాడు. నిజమే. తోలు చెప్పు పట్టీ బకిల్‌లోంచి జారి వేలాడుతోంది.

"నీ కళ్ళజోడు మీద మరక ఉంది. జేబులోంచి రుమాలు పడిపోతోంది. నిన్నెవరు చూస్తారు?"

"నన్నా?" పెదనాన్న నవ్వబోయి ఆగాడు. "మీ పెద్దమ్మ చూసేది తల్లీ."

"ఇప్పుడో?"

పెద్దమ్మ పోయి ఏడాది కావస్తోంది. రేడియో ప్రసారం కూడా ఆగిందంటే చూడండి. కోర్టు హాలంతా దద్దరిల్లేలా పేర్లు పిలిచిన పెద్దమనిషి నాలుగేళ్ళ పిల్ల ముందు కళ్ళజోడు తీసి మరక తుడుచుకున్నాడు.

"ఇప్పుడెవరూ లేరు," అన్నాడు చివరికి.

"అయితే నువ్వు నా మనిషివి," అంది బుడ్డి. అని, బోర్లాపడినంత పని చేసి ఆయన చెప్పు పట్టీ పెట్టడం మొదలెట్టింది. పెదనాన్న కాలు వెనక్కి లాక్కోలేదు.

ఆ దృశ్యం చూసి పిన్ని జడ అల్లడం ఆపేసింది. ఆయన మీద వారం రోజులుగా పెంచుకున్న కోపమంతా ఒక్క క్షణం ఎటో పోయింది. ఆ క్షణంలోనే ఆవిడ ఒక సంగతి ఆలోచించి ఉండాల్సింది. బస్సుకి వచ్చే అడ్డంకులన్నీ ముందే పసిగట్టే మనిషి, తన గొలుసుకి కొత్తగా ఒక లంకె తగులుకుందనీ, అది బడికి వెళ్ళే లంకె కాదనీ పసిగట్టలేదు. "పదండి, పదండి!" అని తలుపు తాళం వేసేసింది.

మెట్లు దిగి సందులో పడ్డారు. సందు చివర పెద్ద రోడ్డు, రోడ్డు పక్కనే కాలువ మీద నడక వంతెన, వంతెన దిగి ఇంకో రోడ్డు దాటితే బడి గేటు. ఆటో పిలుస్తానన్నాడు పెదనాన్న. పొద్దున్నపూట ఆ సందులో ఆటో దూరడం కంటే నలుగురు పిల్లలు నడవడమే వేగమని పిన్ని చెప్పింది. అదీ ఆయన గమనించుకున్నాడు. బుడ్డి ఆయన చూపుడువేలు పట్టుకుని, గుంట వచ్చినప్పుడల్లా "చూసుకో" అని హెచ్చరిస్తూ నడిపించింది. నత్త ఆగబోయినప్పుడల్లా రేడియో వాణ్ణి బ్యాగు పట్టుకుని ముందుకు తోసింది. వంతెన దగ్గరికి వచ్చేసరికి, ఇన్నాళ్ళూ పరుగుపందెంలా ఉండే దారిలో తాము మామూలుగా నడుస్తున్నారని పిన్నికి తెలిసింది. గెలిచేశాం అనుకుంది మనసులో. అలా అనుకోకుండా ఉండాల్సింది.

వంతెన మెట్ల దగ్గర పెదనాన్న బుడ్డి చేతిలోంచి వేలు విడిపించుకున్నాడు.

"నువ్వు పద తల్లీ. నేను నీ వెనకే ఉంటా. వెనక నుంచి చూస్తేనే నాకు అందరూ కనబడతారు."

బుడ్డి ఒప్పుకుంది, కానీ నాలుగడుగులకోసారి వెనక్కి చూస్తూనే ఉంది. వంతెన దిగారు, రోడ్డు దాటారు, గేటు ముందుకి చేరారు. వాచ్‌మన్ ఇనుప గేటు చువ్వ మీద చెయ్యేసి సిద్ధంగా ఉన్నాడు. లోపల మొదటి గంట మోగింది. గంట మోగడం పూర్తయ్యాక వాచ్‌మన్ గేటు లాగడం మొదలెడతాడు, ఎవరు బతిమాలినా ఆపడు. ఆ గేటు పక్కకి జరిగేది. మెల్లగానే జరుగుతుంది గానీ ఆగదు.

పిల్లలు అలవాటు ప్రకారం వరసలో నిలబడి ఎవరి మనిషిని వాళ్ళు పిలిచారు.

"నత్తా!" అంది రేడియో.

"ఉన్నా."

"లాయరూ!"

"హాజరు!" పొద్దున్న నేర్చుకున్న మాటని వాడు అప్పుడే వాడేశాడు.

"బుడ్డీ!"

"ఉన్నా," అని, బుడ్డి వెనక్కి తిరిగి గొంతెత్తింది. "పెదనాన్నా!"

ఎవరూ పలకలేదు.

పిన్ని తల తిప్పి చూసింది. రోడ్డుకి అవతల, వంతెన చివరి మెట్టు కింద, పెదనాన్న ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. చెప్పు పట్టీ పూర్తిగా తెగిపోయింది. తెగిన చెప్పు ఆయన చేతిలో ఉంది. మధ్యలో రోడ్డు మీద వాహనాలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోతున్నాయి.

"పెదనాన్న వస్తారు, నువ్వు లోపలికి పద బంగారూ," అంది పిన్ని.

"నా మనిషి బయటున్నాడు," అంది బుడ్డి.

అప్పుడు అర్థమైంది పిన్నికి. బుడ్డి వెళ్ళదు. బుడ్డి వెళ్ళందే లాయరు వెళ్ళడు. లాయరు వెళ్ళందే నత్త, నత్త వెళ్ళందే రేడియో. నలుగురూ గేటుకి రెండడుగుల దూరంలో, బూట్లు మెరుస్తూ, బ్యాగులు నిండుగా, నూటికి నూరుపాళ్ళు సిద్ధంగా, బయట నిలబడి ఉన్నారు. వాచ్‌మన్ గేటు లాగడం మొదలెట్టాడు.

"పెదనాన్నకి బడి లేదు కదే! ఆయన లోపలికి రానక్కర్లేదు!"

"అలా అని రూల్లో లేదు పిన్నీ," అన్నాడు లాయరు. హాస్టల్ సంగతి వాడికి తెలుసు. తెలిసీ కదల్లేదు.

ఎత్తుకుని లోపల పడేస్తే? బుడ్డి బరువెంత? ఒక్క చేత్తో ఎత్తి గేటు లోపల నిలబెడితే మిగతా ముగ్గురూ బిలబిలమంటూ వెళ్ళిపోతారు, తను పందెం గెలిచేస్తుంది. పిన్ని చెయ్యి చాపింది కూడా. కానీ బుడ్డి ఆమె వైపు చూడటం లేదు. రోడ్డు అవతలికే చూస్తోంది, తన మనిషి వైపు. వారమంతా నా మనిషేడీ అని ఏడ్చిన పిల్లకి ఇవాళే దొరికిన మనిషి. నీకు పనికొచ్చినప్పుడు రూలు, అడ్డొచ్చినప్పుడు కాదా అని రేపు ఈ నలుగురూ అడిగితే తన దగ్గర జవాబు లేదు. చాపిన చెయ్యి పిన్ని వెనక్కి తీసుకుంది.

"ఇంకోసారి పిలువమ్మా," అంది.

"పెదనాన్నా!"

ఆయన విన్నాడు. తలెత్తాడు. ఇటు చూశాడు. గేటు బయట వరసగా నలుగురు పిల్లలు, సగం మూసుకున్న గేటు, మధ్యలో పిన్ని. కోర్టులో జీవితమంతా గడిపిన మనిషికి అక్కడ ఏం జరుగుతోందో వివరించి చెప్పనక్కర్లేదు. ఆయన ఏమీ చేయనక్కర్లేదు కూడా. ఊరికే, ఉన్నచోట ఉంటే చాలు. చెప్పు తెగిన ముసలాయన రోడ్డు దాటలేకపోయాడంటే ఎవరు తప్పు పడతారు? గేటు మూసుకుంటుంది, సాయంత్రం బండికి పిల్లలు ఆయనతో వెళతారు. న్యాయంగా గెలిచినట్టే.

పిన్ని ఆయన కళ్ళలోకి చూసింది. బతిమాలలేదు.

బుడ్డి రెండు అరచేతులూ నోటి దగ్గర పెట్టుకుంది. ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. ఆ జానెడు ఒంట్లోంచి ఆ గొంతెలా వచ్చిందో గానీ, వంతెన మీద నడుస్తున్నవాళ్ళు కూడా ఆగి చూశారు.

"పెద... నాన్నా!"

మూడోసారి.

"హాజరూ!"

రిటైరైన గొంతు కాదది. హాలు చివరిదాకా వినబడేలా పేర్లు పిలిచిన పాత గొంతు. పెదనాన్న రెండో చెప్పు కూడా విదిలించేసి, రెండూ చేతబట్టుకుని, గొడుగు చంకలో ఇరికించుకుని, వట్టికాళ్ళతో రోడ్డు మీదికి దిగాడు.

ఇక పిన్ని ఆగలేదు. ఒక్క ఉరుకులో రోడ్డు మధ్యకి వెళ్ళి, రోజూ డిపో గేట్లో నిలబడే తీరులో కాళ్ళు ఎడంగా పెట్టి, చెయ్యి పైకెత్తింది. ఎదురుగా వస్తున్న సిటీ బస్సు కీచుమంటూ ఆగింది. ఆ చేతిని ఊళ్ళో ఏ బస్సు డ్రైవరూ కాదనలేడు. బస్సు వెనక కార్లు, కార్ల వెనక స్కూటర్లు, అన్నీ ఆగి ఒకటే హారన్ల మోత.

"పరుగెత్తు పెదనాన్నా! కుడివైపు గుంట! చూసుకో!" బుడ్డి అరుస్తోంది.

"పెదనాన్న రోడ్డు సగం దాటారు! గొడుగు పడిపోయింది! వదిలెయ్ పెదనాన్నా! ఫుట్‌పాత్ ఎక్కారు!" రేడియో జీవితంలో అంత గొప్ప ప్రసారం మళ్ళీ చేస్తుందో లేదో.

గేటు సన్నని సందుగా మారింది. పెదనాన్న పక్కకి తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని, ఆ సందులోంచి దూరాడు. వెనకే బుడ్డి. బుడ్డి వెనక లాయరు. నత్త, ఏ నత్తయితే చీమల కోసం ఆగుతాడో ఆ నత్త, చేప పిల్లలా జారిపోయాడు. చివరికి రేడియో ఒక జడ గేటు బయట, మిగతా మనిషి లోపల ఉండగా, జడని కూడా లాగేసుకుంది. గేటు ఠంగుమని మూసుకుంది.

"మీరే క్లాసు సార్?" అడిగాడు వాచ్‌మన్.

పెదనాన్నకి ఊపిరి అందడం లేదు. బుడ్డి వైపు చెయ్యి చూపించాడు.

"నా క్లాసే," అంది బుడ్డి.

బయట రోడ్డు మధ్యలో పిన్ని ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "వెళ్ళమంటారా మేడమ్?" అని అడిగాక గానీ చెయ్యి దించలేదు. పోయిన నెలంతా పొద్దున్నపూట ఓడిపోతూ, ఓడిపోయిన సంగతి అక్కకి ఫోన్లో చెప్పకుండా దాచుకుంటూ వచ్చిన మనిషి. ఇవాళ గెలిచింది. పిల్లల్ని ఎత్తి పడేయకుండా, తిట్టకుండా, ఇచ్చిన మాట తప్పకుండా గెలిచింది. రోడ్డు మీద దొర్లుతున్న గొడుగు ఏరుకుని, జెండా పట్టుకున్నట్టు భుజాన వేసుకుని ఫుట్‌పాత్ ఎక్కింది.

ప్రార్థన అయ్యేదాకా వాచ్‌మన్ పెదనాన్నని వదల్లేదు. చిన్నపిల్లల వరస చివర, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ ఆయన్ని పిన్ని గేటు చువ్వల మధ్య నుంచి చూసింది. బుడ్డి వెనక్కి తిరిగి, ఆయన్ని వంగమని సైగచేసి, జేబులోంచి జారుతున్న రుమాలు లోపలికి తోసింది. ఆ తర్వాతే తన క్లాసుకి వెళ్ళింది.

బయటికి వచ్చాక ఆయన చెప్పులు రెండూ ఒక చేతిలోకి మార్చుకున్నాడు. పిన్ని గొడుగు అందించింది.

"నిలబడిపోవచ్చు కదా బావగారూ. ఎందుకు పరుగెత్తారు?" అంది.

"మూడోసారి పిలిచింది కదమ్మా." ఆయన రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎంతమందిని పిలిచానో లెక్కలేదు. నన్ను ఒకరు మూడుసార్లు పిలవడం ఇదే మొదటిసారి. పలక్కుండా ఎలా ఉంటాను?"

పిన్ని గేటు లోపలికి, బుడ్డి వెళ్ళిన వైపు చూసింది.

"ఇంట్లో చూసినప్పుడే నాకు సగం తెలిసిపోయింది. గేటు దగ్గర నువ్వు పిల్లని ఎత్తి లోపల పడేస్తావనుకున్నా. చెయ్యి చాపావు కూడా, చూశాను. వెనక్కి తీసుకున్నావు చూడు, అక్కడ ఓడిపోయాను. హాస్టల్ సీట్లు ఇవాళే వద్దని చెప్పేస్తాను."

ఆ మాట కోసం ఎన్ని రాత్రులు నిద్ర మానుకుందో! తీరా విన్నాక పిన్ని రెండు చేతులూ జోడించింది. కానీ పెదనాన్న మొహంలో ఓడిపోయినవాడి చిన్నతనం లేదు, గెలిపించినవాడి సంతోషం కూడా లేదు. ఏదో చెప్పాలా వద్దా అన్న తటపటాయింపు ఉంది.

"నిన్ను ఇంకా మోసం చేయలేనమ్మా. ఆ హాస్టల్ మాట అసలు నాది కాదు. మీ అక్కది."

"అక్కదా?"

"నన్ను పిలిపించుకుని తనే అడిగింది. 'నా చెల్లెలు నలిగిపోతోంది బావగారూ, తను చెప్పదు, పిల్లల్ని మీరే వచ్చి తీసుకెళ్ళండి, తిట్టుకుంటే మిమ్మల్నే తిట్టుకుంటుంది' అంది. నీ వల్ల కాదని నేనూ నమ్మాను, అందుకే ఒప్పుకున్నా."

పిన్ని చెవుల్లో హారన్ల మోత మళ్ళీ మొదలైనట్టయింది. రోజూ సాయంత్రం ఫోన్లో నవ్వుతూ మాట్లాడే అక్క. పోయిన ఆదివారం చూడ్డానికి బయల్దేరితే, "వార్డంతా జలుబులు, నువ్వు రాకు, పిల్లల్ని తేకు," అని ఆపేసిన అక్క. కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం అడుగున ఉన్నది ప్రేమేనని పిన్నికి తెలుసు, తెలిసినా తగ్గలేదు. తన గురించి చూడటం మానేసి అవతలి మనిషి గురించి చూడటం ఈ ఇంట్లో పిల్లలకంటే ముందు అక్కే మొదలెట్టిందన్నమాట!

"పదండి బావగారూ," అంది.

"ఎక్కడికి? నీకు డ్యూటీ లేదూ?"

"డిపోకి ఫోన్ చేస్తాను. నలుగురూ లోపలికి వెళ్ళారు గానీ, నా మనిషి ఇంకా బయటే ఉంది." ఆస్పత్రి వైపు వెళ్ళే బస్సు మలుపు తిరిగి వస్తోంది. పిన్ని ఫుట్‌పాత్ చివరికి వెళ్ళి చెయ్యెత్తింది.

వెనక నుంచి పెదనాన్న ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆ బస్సు కాదమ్మా. మీ అక్క ఆస్పత్రిలో లేదు. వారమైంది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "ఎవరూ మోసుకెళ్ళలేదు. తన కాళ్ళతో తనే నడిచి వెళ్ళింది."

బస్సు వచ్చి వాళ్ళ ముందే ఆగింది. డ్రైవరు డిపో మేడమ్‌ని గుర్తుపట్టి చిరునవ్వుతో తలుపు తెరిచాడు.

"ఎక్కడికి మేడమ్?"

పిన్ని పెదనాన్న వైపు తిరిగింది.